మనిషి ఆగి చేప మొదలయ్యే చోటు: ఒక మత్స్యకన్య బొమ్మ కేస్ స్టడీ

ఏడు వారాలు పట్టిన బొమ్మ ఇది. అందులో దాదాపు మూడు వారాలు అయిదు సెంటీమీటర్ల జాగా మీదే పోయాయి. బొడ్డు కింద నుంచి తొడలు మొదలవ్వాల్సిన చోటు దాకా, అంటే మనిషి ఆగి చేప మొదలయ్యే ఆ కాస్త మేర. ముఖం ఎంత బాగా కుదిరినా, పొలుసులు ఎంత ఓపిగ్గా అతికించినా, అక్కడ తేడా వస్తే ఎవరో అమ్మాయి మెరిసే గుడ్డ గొట్టంలో కాళ్ళు దూర్చుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఇంతకు ముందు నేను చేసిన మూడు మత్స్యకన్యలూ అలాగే వచ్చాయి, వాటిని చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఈ నాలుగోదానికి ఏం మార్చాను, ఎక్కడ చెడింది, ఎలా బాగుచేశాను అన్నది దాచకుండా రాస్తున్నాను.

చేయించుకున్నావిడ అడిగింది ఒక్కటే. "యాభై దాటిన మత్స్యకన్య కావాలండి. అందరూ ఇరవై ఏళ్ళ పిల్లనే చేస్తారు, ఆ పిల్లకి వయసు రాదా?" అన్నారు. ఆ మాటతో నా సగం ఆలోచనలు మారిపోయాయి. వయసైన ఒంటికి చర్మం కాస్త వదులుగా ఉంటుంది, పొట్ట దగ్గర మడత పడుతుంది, మెడ మీద గీతలుంటాయి. మరి తోక సంగతి? అది కూడా అన్నేళ్ళు రాళ్ళకి ఒరుసుకున్న తోకే కదా. చేపకి పొలుసు ఊడితే ఆ చోట మళ్ళీ మొలుస్తుంది, కానీ కొత్తగా వచ్చిన పొలుసు నడిమధ్యలో మామూలుగా ఉండే వలయాలు ఉండవు, అక్కడ అస్తవ్యస్తంగా, బోసిగా ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుని తోక అంతటికీ ఒక చరిత్ర పెట్టొచ్చనిపించింది.

కొలతలు మొదట కాగితం మీద తేల్చుకున్నాను. తల 4 సెంటీమీటర్లు. గడ్డం నుంచి తుంటి అడుగు దాకా మూడు తలలు, అంటే 12. అక్కడి నుంచి తోక చివరకి 22. వెన్ను వంపు వెంట కొలిస్తే మొత్తం 38 సెంటీమీటర్లు. కాళ్ళయితే నాలుగు తలల లోపే సరిపోతాయి, తోకకి మాత్రం అయిదున్నర తలలు ఇవ్వకపోతే పొట్టిగా, మొద్దుగా కనిపిస్తుంది. కళ్ళ సైజు కూడా లెక్క వేసుకోవాలి. మనిషి కనుగుడ్డు దాదాపు 24 మిల్లీమీటర్లు, తల ఎత్తు అందుకు తొమ్మిది పది రెట్లు. అలా చూస్తే ఈ తలకి 4 మిల్లీమీటర్ల గాజు పూస చాలు, నేను కొంచెం పెంచి 5 పెట్టాను.

తోక చివర రెక్క అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అన్నది చాలామంది ఆలోచించరు, కానీ బొమ్మ భంగిమ అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. చేపల తోకరెక్క నిలువుగా ఉంటుంది, అవి పక్కలకి ఊపుతూ ఈదుతాయి. డాల్ఫిన్లు, తిమింగలాలు, సముద్రపు ఆవులనే డుగాంగ్‌లవి అడ్డంగా ఉంటాయి, అవి పైకీ కిందికీ ఆడిస్తాయి. మనిషి నడుము కూడా ముందుకి వంగినంత సులువుగా పక్కకి వంగదు కాబట్టి మత్స్యకన్యకి అడ్డ తోకే నప్పుతుంది. అది ఖాయం చేసుకున్నాక తోక ఎక్కడ వంగాలో తెలిసిపోయింది. తుంటి దగ్గర ఒక పెద్ద వంపు, మోకాలు ఉండాల్సిన చోట ఇంకోటి, ఆ తర్వాత చివరి దాకా చిన్న చిన్న వంపులు.

ఇక సామాన్లు. మిక్స్‌డ్ మీడియా, అంటే రకరకాల పదార్థాలు కలిపి చేసే పని అనగానే చేతికి దొరికినవన్నీ అతికించేయడం అనుకుంటారు. కానీ ఏది వేడికి ముందు, ఏది వేడి తర్వాత అన్న వరస తెలియకపోతే బొమ్మ ఓవెన్‌లోనే పోతుంది. ఈ బొమ్మకి ఒళ్ళు, పొలుసులు పాలిమర్ క్లే. అది పీవీసీ ప్లాస్టిక్, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ కలిసిన పదార్థం, దానంతట అది ఆరదు, వేడి తగిలితేనే గట్టిపడుతుంది. తీగ, ఫాయిల్, గాజు కళ్ళు, శంఖు ముక్కలు, కర్ర, ఇవన్నీ 130 డిగ్రీల సెల్సియస్‌ని తట్టుకుంటాయి. జుట్టు, రెక్కల పారదర్శక ఫిల్మ్, రెజిన్, సూపర్ గ్లూ, అక్రిలిక్ రంగులు, వార్నిష్ మాత్రం ఆఖరి బేకింగ్ అయ్యాకే. గ్లూ గన్ జిగురు ఓవెన్‌లో కరిగిపోతుంది, సూపర్ గ్లూ పట్టు వదిలేస్తుంది. ఈ వరసంతా ఒక అట్ట మీద రాసి బల్ల ముందు తగిలించుకున్నాను. అయినా ఒకచోట తప్పాను, అది రెక్కల దగ్గర చెబుతాను.

చట్రానికి 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగని రెండు పేటలుగా మెలేసి వెన్నెముక చేశాను, చేతులకి 1.5 మిల్లీమీటర్ల తీగ. దాని మీద ఫాయిల్ ఉండలు చుట్టి, చెంచా వెనక భాగంతో రుద్ది రుద్ది గట్టిపరిచాను. ఫాయిల్ చుట్టడం ఎందుకంటే లోపల అంతా క్లే నింపితే బరువు పెరుగుతుంది, మందం ఎక్కువై లోపలి దాకా వేడి అందదు. క్లే పొర అంతటా 6 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య ఉండేట్టు చూసుకున్నాను. ఫాయిల్ మీద క్లే జారకుండా ముందు తెల్ల జిగురు పూసి పూర్తిగా ఆరనిచ్చాను.

కూర్చునే దిమ్మ, నీళ్ళలో కొట్టుకొచ్చిన కర్రముక్క. దాన్ని వారం పాటు మంచినీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, ఎండబెట్టి, ఆ తర్వాత 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో ఉంచాను. శంఖు ముక్కల్నీ అలాగే నానబెట్టాను, ఉప్పు మిగిలిపోతే తర్వాత తెల్లగా పైకి పూస్తుంది. బొమ్మని చేసేటప్పుడు కర్రకి ఫాయిల్ చుట్టి, దాని మీదే కూర్చోబెట్టి మలిచి, రెండూ కలిపే బేక్ చేశాను. అందుకే పిరుదులు, తోక కర్ర గతుకుల్లో అచ్చుగా కూర్చున్నాయి. విడిగా చేసి తర్వాత అతికించిన బొమ్మలు గాలిలో తేలుతున్నట్టు కనిపించేది ఇక్కడే.

ముఖం గురించి పెద్దగా రాయను, ముఖాలు మలిచే పద్ధతులు ఎన్నో ఉన్నాయి. వయసు చూపించడానికి గీతలు గీస్తే చాలదని మాత్రం చెబుతాను. కంటి కింద, ముక్కు పక్కన, గవద దగ్గర కండ కిందికి జారాలి, ముందు ఆ ఆకారం వచ్చాకే గీతలు. గీతలు కూడా క్లే మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, పైనుంచి సూదితో నొక్కితే అంచులు మెత్తగా వస్తాయి, కత్తితో కోసినట్టు ఉండవు. వేలిముద్రలు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్ వాడాను. ఒంటి రంగు క్లేలో గోధుమ రంగు, కాస్త పసుపుపచ్చ, మూడో వంతు పారదర్శక క్లే కలిపాను. ఆ పారదర్శక క్లే ఉంటేనే వెలుతురు చర్మం లోపలికి కొంచెం దూరి వచ్చినట్టు ఉంటుంది.

మొదటి బేకింగ్ తలా మొండెమూ పూర్తయ్యాక. ఓవెన్ గుండీ మీద ఉన్న అంకెని నమ్మకుండా లోపల విడిగా థర్మామీటర్ పెట్టాను, నా ఓవెన్ గుండీ చూపించే దానికంటే 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. పాలిమర్ క్లే మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, గొంతు, కళ్ళు మండుతాయి. అందుకే వంటకి వాడని ఓవెన్, తెరిచిన కిటికీ, బొమ్మ మీద ఫాయిల్ గుడారం, ఈ మూడూ తప్పనిసరి.

ముప్పై నిమిషాల తర్వాత తలుపు తీసి చూస్తే నడుము చుట్టూ పగులు. కుడి తుంటి మీద నుంచి వెనక వెన్ను దాకా, గోరు దూరేంత. ఆ సాయంత్రం బొమ్మని బల్ల మీద పెట్టి చాలాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను. మర్నాడు పగులులోకి సూదితో తడిమి చూస్తే కారణాలు రెండు తేలాయి. ఒకటి, తుంటి దగ్గర ఫాయిల్ తక్కువైందని ఆఖర్న వదులుగా ఒక ఉండ అదనంగా పెట్టాను, దాన్ని సరిగా నొక్కలేదు, లోపల చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బింది. రెండోది, వేడిగా ఉండగానే చూడాలన్న ఆత్రంతో బయటికి తీసేశాను. పైపొర గబగబా చల్లారి ముడుచుకుంటుంది, లోపల ఇంకా వేడిగానే ఉంటుంది, ఆ గుంజుడికి బలహీనంగా ఉన్న చోట విడిపోతుంది.

బాగుచేయడానికి పగులుని ఇంకా వెడల్పు చేశాను. భయమేసింది కానీ అదే సరైన పని, సన్నటి పగులులోకి క్లే వెళ్ళదు. అంచుల్ని సన్నటి కత్తితో ఏటవాలుగా చెక్కి, లోపలి గాలి బుడగని సూదితో తెరిచి, లిక్విడ్ పాలిమర్ క్లే పల్చగా పూసి, మెత్తగా పిసికిన క్లేని లోపలికి నూరినట్టు కూరి నింపాను. మళ్ళీ బేక్ చేసి, ఓవెన్ ఆపేసి, తలుపు తీయకుండా పూర్తిగా చల్లారే దాకా వదిలేశాను. తర్వాత 400, 800 నంబర్ గరుకు కాగితాలతో తడిపి రుద్దాను. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆ తర్వాతి బేకింగ్‌లలో ఆ చోట మళ్ళీ పగలలేదు.

పగులు వల్ల ఒక మేలు జరిగింది. నడుముని అన్ని రోజులు దగ్గరగా చూస్తూ ఉండటంతో అక్కడ నేను ఎప్పుడూ ఏం తప్పు చేస్తున్నానో కనిపించింది. నేను గీత గీస్తున్నాను. పైన చర్మం, కింద పొలుసులు, మధ్యలో సరిహద్దు. ఆ గీత నిటారుగా ఉన్నా వంకరగా ఉన్నా, గీతే. కోపెన్‌హాగెన్‌లో 1913లో పెట్టిన లిటిల్ మెర్మెయిడ్ కాంస్య విగ్రహాన్ని ఎడ్వర్డ్ ఎరిక్సన్ చేశాడు, అందులో నడుము దగ్గర చేప మొదలవదు, కాళ్ళు కాళ్ళలాగే కిందికి దిగి, పాదాల వైపు వచ్చేసరికి రెక్కలవుతాయి. ఫొటోల్లో దాన్ని పదే పదే చూశాను. ఆయన సరిహద్దుని దాచేయలేదు, జరిపాడు. నేను జరపలేను, నాకు నిండు తోక కావాలి, అందుకని దాన్ని చెదరగొడదామనుకున్నాను.

బేక్ అయిన ఒంటి మీద పల్చగా కొత్త క్లే పరిచి, ఎముకలతో మొదలుపెట్టాను. తుంటి ఎముక అంచు రెండు పక్కలా చర్మం కింద కనపడాలి, కానీ వెనక్కి వెళ్ళేకొద్దీ మాయమవ్వాలి. పొట్ట కింది మడత ఒకటి నేరుగా తోక కండలోకి దిగాలి, అంటే ఆ మడత సగం చర్మం మీద, సగం పొలుసుల మీద ఉండాలి. ఇది చాలా పనిచేసింది. కన్ను మడత వెంట వెళ్తూ తెలియకుండానే చేపలోకి దిగిపోతుంది. ఆ తర్వాత పొలుసులు. ముందు మచ్చల్లాగా, చిన్న గొట్టం అంచుతో చర్మం మీద నొక్కిన అర్ధచంద్రాలు, అక్కడక్కడా, పక్కటెముకల కింది దాకా. ఇంకాస్త కిందికి వస్తే ఆ అర్ధచంద్రాల కింది అంచు కొంచెం పైకి లేస్తుంది. ఇంకా కిందికి వస్తే విడి పొలుసులు మొదలవుతాయి, వాటి మధ్య చర్మం తొంగిచూస్తుంది. వెనకవైపు వెన్నెముక వెంట ఒక సన్నటి దారి భుజాల మధ్య దాకా ఎక్కించాను, ముందువైపు మాత్రం బాగా కిందనే ఆపాను. చేపకి వీపు వైపు ముదురుగా, పొట్ట వైపు లేతగా ఉండే పద్ధతికి ఇది సరిపోయింది.

పొలుసుల లెక్క 640 దగ్గర ఆగింది. క్లేని 0.8 మిల్లీమీటర్ల మందం రేకుగా చేసి, మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, 4, 6, 8 మిల్లీమీటర్ల గొట్టాలతో కోశాను. కాగితం మీదుగా కోస్తే పొలుసు అంచు గుండ్రంగా, పైభాగం కాస్త ఉబ్బుగా వస్తుంది. అతికించడం తోక చివరి నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఇంటి పెంకులు చూరు దగ్గర నుంచి పైకి పరిచినట్టు, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కే తీరు తిరగబడుతుంది. పెద్దవి తోక నడిమధ్యలో, చిన్నవి తుంటి దగ్గరా రెక్క దగ్గరా. ముప్పై నలభై పొలుసుల్ని మాత్రం వేరే చేశాను, నడుమ వలయాలు లేకుండా, కాస్త వంకరగా, రాతికి ఒరుసుకునే పక్కన గుంపుగా. నాలుగు వరసలకోసారి పది నిమిషాలు బేక్ చేస్తూ పోయాను, లేకపోతే పై వరస అతికించేటప్పుడు చేయి తగిలి కింది వరస నలిగిపోతుంది. అన్నీ అయ్యాక చివర్న ఒక గంట నిండు బేకింగ్.

అట్ట మీది వరస తప్పింది ఇక్కడే. ఆ ఆఖరి గంటకి ముందే తుంటి పక్క రెక్కని ఒకసారి పెట్టి చూద్దామని, సన్నటి తీగ మీద రంగులు మారే పారదర్శక ఫిల్మ్ సాగదీసి అతికించి, క్లేలోకి గుచ్చేశాను. అది ఎంత అందంగా ఉందో, తీయబుద్ధి కాలేదు. పది నిమిషాలేలే అనుకున్నాను. ఓవెన్‌లో నుంచి తీసేసరికి ఫిల్మ్ ముడుచుకుపోయి తీగలకి ఉండలా చుట్టుకుంది, తీగ గుంజుకుని పక్కనున్న ఆరేడు పొలుసులు లేచిపోయాయి. రెక్క మొత్తం కత్తిరించి, పొలుసులు మళ్ళీ పెట్టాను. తర్వాత చేసిన పద్ధతి ఇది: రెక్క తీగలు గుచ్చాల్సిన చోట అదే మందం తీగ ముక్కలు గుచ్చి బేక్ చేసి, చల్లారాక వాటిని లాగేస్తే రంధ్రాలు మిగులుతాయి. రంగులన్నీ అయ్యాక అసలు రెక్కల్ని ఎపాక్సీ క్లేతో ఆ రంధ్రాల్లో నిలబెట్టాను. రెండు భాగాలు సమానంగా కలిపితే అది వేడి అవసరం లేకుండా ఒక రోజులో రాయిలా అవుతుంది.

రంగులు వేయడానికి ముందు బొమ్మంతా ఆల్కహాల్‌తో తుడవాలి, చేతి జిడ్డు ఉంటే అక్రిలిక్ పట్టదు. చర్మానికి ఎక్కడా దట్టమైన పూత వేయలేదు. బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగుని నీళ్ళలా పల్చన చేసి ముడతల్లోకి పంపి పైది తుడిచేయడం, మోచేతులు, వేలి కణుపులు, చెవులకి ఇటుక ఎరుపు, కళ్ళ కింద, మణికట్టు లోపలివైపు నీలం పచ్చ కలిసిన చాలా పల్చటి వాష్. ఏడెనిమిది పొరలు, ఒక్కోటి పూర్తిగా ఆరాక ఇంకోటి.

తోకని మాత్రం రెండుసార్లు వేశాను. మొదటిసారి తెల్ల ప్రైమర్ (అడుగు పూత) మీద ఇంటర్‌ఫరెన్స్ అనే ముత్యపు రంగులు వేస్తే బొమ్మల పెట్టెలోంచి తీసిన ప్లాస్టిక్ ఆటవస్తువులా వచ్చింది. తప్పు రంగుది కాదు, దాని అడుగుది. ఈ ఇంటర్‌ఫరెన్స్ రంగుల్లో మైకా (అభ్రకం) రేణువుల మీద టైటానియం డయాక్సైడ్ పల్చటి పొర ఉంటుంది, ఆ పొర మందాన్ని బట్టి వెలుతురులో ఒక రంగు ఎదురుతిరిగి వస్తుంది. అడుగు తెలుపైతే మిగతా వెలుతురంతా కూడా వెనక్కి వచ్చేసి ఆ రంగుని ముంచేస్తుంది, అడుగు నలుపైతే మిగతాదంతా మింగేసి ఆ ఒక్కదాన్నే వదులుతుంది. నిజం చేపల వెండి మెరుపు కూడా రంగు వల్ల రాదు, చర్మంలో ఉండే గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాల పలకలు వెలుతురుని తిప్పికొట్టడం వల్ల వస్తుంది. అందుకని రెండోసారి వీపు వైపు దాదాపు నల్లటి ఆకుపచ్చ, పక్కలకి వచ్చేకొద్దీ గోధుమ, పొట్ట వైపు ఒంటి రంగే వేసి, వాటి మీద నీలం, ఆకుపచ్చ, రాగి ఇంటర్‌ఫరెన్స్ రంగుల్ని డ్రై బ్రష్‌తో, అంటే రంగు దాదాపు తుడిచేసిన పొడి బ్రష్‌తో పొలుసుల అంచులకి మాత్రమే తగిలించాను. మళ్ళీ మొలిచిన పొలుసులకి మెరుపు ఇవ్వలేదు, మసక గోధుమ రంగులోనే వదిలేశాను. నడుము దగ్గర రెండు వైపుల రంగుల్నీ ఇచ్చిపుచ్చుకున్నాను. చర్మానికి వాడిన ఇటుక ఎరుపు పొలుసుల మధ్య సందుల్లోకి, తోక ఆకుపచ్చ పక్కటెముకల నీడల్లోకి, భుజాల వెనక్కి. ఆ రోజు మొదటిసారి గీత కనపడలేదు.

వార్నిష్ విషయంలో కొత్తగా చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక. స్ప్రే డబ్బాల్లో వచ్చే చాలా వార్నిష్‌లు పాలిమర్ క్లేలోని ప్లాస్టిసైజర్‌తో పడక నెలల తరబడి జిగటగా ఉండిపోతాయి, గోళ్ళ రంగు కూడా అంతే. ఒక పాత బొమ్మ నాకు అలాగే పాడైంది. ఇప్పుడు నీళ్ళతో పలచన చేసే పాలీయురేథేన్ మాత్రమే వాడుతున్నాను, అదీ ముందు బేక్ చేసిన చిన్న ముక్క మీద వేసి రెండు వారాలు చూశాకే. చర్మానికి మెరుపు లేని మ్యాట్, పొలుసులకి కాస్త మెరిసే శాటిన్, కళ్ళకీ కింది పెదవికీ బాగా మెరిసే గ్లాసీ. నడుము దగ్గర మ్యాట్‌లో శాటిన్ కొంచెం కొంచెంగా కలుపుతూ దిగాను. మెరుపులో కూడా గీత పడకూడదు కదా.

జుట్టుకి నెరిసిన రంగు మోహేర్, అంటే అంగోరా మేక బొచ్చు. కొన్ని పాయలు ముదురు బూడిద, కణతల దగ్గర తెలుపు. నీళ్ళలోంచి అప్పుడే వచ్చి కూర్చుందనుకున్నాం కాబట్టి జుట్టు ఎగరకూడదు, తడికి పాయలు పాయలుగా అంటుకోవాలి. తెల్ల జిగురు నీళ్ళలో కలిపి పాయల్ని వేళ్ళతో దువ్వి భుజం మీద నుంచి వీపు పొలుసుల దాకా అతికించాను. భుజం మీద, తోక వంపులో నీటి చుక్కలు యూవీ వెలుతురుకి గట్టిపడే రెజిన్‌వి, ఒక్కో చుక్క టూత్‌పిక్ మొనతో పెట్టి దీపం కింద గట్టిపరిచాను. గట్టిపడని రెజిన్ చర్మానికి తగలకూడదు, చేతి తొడుగులు వేసుకునే చేయండి, ఒకసారి అలెర్జీ వస్తే మళ్ళీ ముట్టుకోలేరు. పన్నెండు చుక్కలు పెట్టి, అయిదు తీసేశాను.

ఇచ్చిన రోజు ఆవిడ ముఖం వైపు చూడటానికి ముందే బొమ్మని వెనక్కి తిప్పి, వీపు మీది ఆ సన్నటి పొలుసుల దారిని చూపుడు వేలితో పైనుంచి కిందికి తడిమారు. నడుము దగ్గర ఆగుతారేమోనని చూస్తున్నాను, ఆగలేదు. "ఈ బోసి పొలుసులేమిటండీ, ఊడిపోయాయా?" అని అడిగారు. మళ్ళీ మొలిచినవని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అక్కడే మళ్ళీ వేలు పెట్టారు.

నాకు ఇంకా తృప్తి లేనిది ఎడమ చెయ్యి. కర్ర మీద ఆనించిన ఆ మణికట్టులో 1.5 మిల్లీమీటర్ల తీగ ఒక్కటే ఉంది, పక్క నుంచి వెలుతురు పడితే వెంట్రుకంత గీత కనిపిస్తుంది. దాన్ని లిక్విడ్ క్లేతో నింపలేను, జుట్టూ రెక్కలూ పెట్టేశాక ఇక ఓవెన్‌లోకి వెళ్ళదు. ఎపాక్సీ క్లేని ఆల్కహాల్‌తో పలచన చేసి పూసి రంగు కలిపాను, ప్రస్తుతానికి నిలిచింది. తర్వాతి బొమ్మకి బరువు ఆనే చేతికి రెండు పేటల తీగ వేస్తాను, తొలి బేకింగ్ చల్లారగానే మణికట్లు భూతద్దంతో చూస్తాను.